పిన్ నొక్కింది మనమే అయినప్పుడు

ఓటీపీ ఎవరికీ చెప్పవద్దన్న హెచ్చరికను బ్యాంకులు కొన్నేళ్లుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాయి. ఆ మాట ఇప్పటికీ పాటించవలసిందే. కానీ ఈనాటి మోసాల్లో చాలావాటికి ఓటీపీ దొంగిలించవలసిన అవసరమే ఉండడం లేదు. ఖాతాదారు చేతనే, అతని ఫోన్‌లోనే, అతని సొంత పిన్ నొక్కించి డబ్బు పంపించుకోవడం మోసగాళ్లకు వెన్నతో పెట్టిన విద్య అయింది. తాళం పగలకుండా జరిగే ఈ దోపిడీకి బెంగళూరులో ఉద్యోగాల కోసం వచ్చి ఉంటున్న తెలుగు కుటుంబాలు, పీజీల్లో ఉండే యువత ఎలా చిక్కుతున్నారో, చిక్కిన తరువాత ఏం చేయాలో చెప్పుకోవడం అవసరమని మేము భావిస్తున్నాము.

ఈ నగరంలో కొత్తవారికి అద్దె ఇల్లు దొరకడమే గగనం. వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్లిలోనో చక్కని ఫ్లాట్ ఫొటోలు పెట్టి, తాను సైన్యంలో పనిచేస్తున్నానని, బదిలీ అయినందువల్ల స్వయంగా చూపించలేనని, టోకెన్ అడ్వాన్స్ పంపితే ఇల్లు వేరెవరికీ ఇవ్వనని నమ్మబలికే వ్యక్తికి, ఇల్లు చేజారిపోతుందన్న కంగారులో ఉన్న కుర్రవాడు డబ్బు పంపేస్తాడు. ఇదే కథ తిరగబడి ఇంటి యజమాని మీదికీ వస్తుంది. డిపాజిట్ పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అని ఫోన్ వస్తుంది. యూపీఐలో డబ్బు మన ఖాతాలో పడడానికి పిన్‌తో గాని, స్కాన్‌తో గాని పని లేదు; పిన్ అడిగిందంటే డబ్బు పోతున్నదనే అర్థం. మాట్లాడేవాడు మన యాసలోనే, మన జిల్లా పేరు చెప్పి పలకరించినా ఈ నియమం మారదు. పరాయి ఊళ్లో తెలుగు మాట వినగానే కలిగే ఆత్మీయతను మోసగాడు బాగా ఎరిగినవాడు.

జాగ్రత్త భారమంతా ఖాతాదారు మీదే వేయడం మాత్రం న్యాయం కాదు. ఎదుటివాడు డబ్బు అడుగుతూ పంపే కలెక్ట్ అభ్యర్థనల ద్వారా ఎందరో మోసపోయాక, వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్ని 2025 అక్టోబరు 1 నుంచి జాతీయ చెల్లింపుల సంస్థ ఎత్తివేసింది. ఏళ్ల తరబడి చేసిన ప్రచారం మూయలేని దారిని ఒక సాంకేతిక మార్పు మూసింది. అలాగే, తొలిసారి పంపుతున్న కొత్త ఖాతాకు పెద్ద మొత్తం వెళ్లేటప్పుడు కొంత వ్యవధి పెట్టి, ఖాతాదారు మనసు మార్చుకునే వీలు కల్పించాలన్నది మా అభిప్రాయం. వేగమే గొప్పతనమని చాటుకునే వ్యవస్థకు ఇది రుచించకపోవచ్చు.

మన చేతితోనే పంపిన డబ్బు విషయంలో చట్టపరమైన రక్షణ కూడా తక్కువే. 2017 జులైలో రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు ప్రమేయం లేకుండా, బ్యాంకు లోపమూ కాకుండా వేరెక్కడో జరిగిన ఉల్లంఘన వల్ల డబ్బు పోయినప్పుడు, లావాదేవీ జరిగినట్టు బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు తెలియజేస్తే ఖాతాదారుపై నష్టభారం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే పరిమితమైన భారం పడుతుంది. రహస్య వివరాలు తానే చెప్పడం వంటి నిర్లక్ష్యం వల్ల పోతే, ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టమంతా ఖాతాదారుదే. అయితే ఫిర్యాదు అందిన తరువాత జరిగే నష్టాన్ని మాత్రం బ్యాంకే భరించాలి. ఏ రకంగా చూసినా ప్రతి గంటకూ విలువ ఉంది.

ఆ గంటలు చాలావరకు సిగ్గుతో కరిగిపోతాయి. చదువుకున్నవాడినై ఉండి మోసపోయానని తోటివారికి ఎలా చెప్పను, అనంతపురంలోనో చిత్తూరులోనో ఉన్న నాన్నకు ఏం జవాబివ్వను అన్న మథనంలో రాత్రి గడిచేసరికి, డబ్బు ఒక ఖాతా నుంచి నాలుగైదు ఖాతాలకు చీలి ఏటీఎంలలో నగదుగా మారిపోతుంది. వెంటనే సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి లావాదేవీ సంఖ్య, మొత్తం, సమయం చెబితే, డబ్బు ఇంకా ఏదైనా ఖాతాలో ఉన్నంతవరకు దాన్ని అక్కడే నిలిపివేసే అవకాశం ఉంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నగరంలో సైబర్ నేరాలను చూసే ప్రత్యేక ఠాణాలున్నాయి. పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తామంటూ ఆ తరువాత ఫోన్ చేసేవారు మాత్రం రెండో విడత మోసగాళ్లే. వీడియో కాల్‌లో పోలీసు దుస్తులతో కనిపించి ‘డిజిటల్ అరెస్ట్’ చేశామనేవారి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు: అటువంటి అరెస్టు మన చట్టంలో లేదు.

ఇబ్బందికరమైన మరో విషయాన్నీ దాచకుండా చెప్పాలి. ఇలా దోచిన డబ్బు ప్రవహించే అద్దె ఖాతాల్లో కొన్ని, ఉద్యోగం రాక ఖర్చులకు కటకటలాడే యువకులవే. ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఇస్తే కమీషన్ ఇస్తామన్న మాటకు తలవంచేవాడు, పోలీసులు ముందుగా తలుపు తట్టేది తన గదికేనని ఆలోచించడు. పీజీ యజమానులు, శిక్షణ సంస్థలు, తెలుగు సంఘాలు పండుగ వేదికల మీద సన్మానాలకు కేటాయించే సమయంలో కొంత ఈ సంగతికి కేటాయిస్తే బాగుంటుంది.

ఏ పాపమూ ఎరుగని చిరువ్యాపారి ఖాతా కూడా ఈ గొలుసులో ఇరుక్కుంటుంది. దోపిడీ సొమ్ముతో ఎవడో టిఫిన్ తిని వంద రూపాయలు స్కాన్ చేసి పోతే, దూరపు రాష్ట్రంలో నమోదైన ఫిర్యాదు మీద ఆ హోటల్ ఖాతా మొత్తం స్తంభించిపోతుంది. 2025 జులైలో పన్ను నోటీసులకు బెదిరి క్యూఆర్ కోడ్‌లు పీకేసి నగదే ఇమ్మన్న ఈ నగరపు చిరువ్యాపారులకు ఇది మరో దెబ్బ. వివాదంలో ఉన్న మొత్తాన్ని మాత్రమే నిలిపి, మిగిలిన ఖాతాను నడవనివ్వాలి. నిలుపుదల కోరిన ఠాణా పేరు, ఫిర్యాదు సంఖ్య బ్యాంకు రాతపూర్వకంగా ఇవ్వాలి. బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా, బ్యాంకులపై ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేసే హక్కు ఖాతాదారుకు ఉంది.