ఉచిత శ్రావ్యతను అరికట్టాలి

ఉచితాలు దేశాన్ని సోమరిపోతుల పాలు చేస్తున్నాయని గట్టిగా నమ్మే పన్నుదారుల్లో ఈ వ్యాసకర్త ఒకడు. ఉచిత బస్సు మీద, ఉచిత కరెంటు మీద రాత్రి తొమ్మిదింటి చర్చల్లో గొంతు బొంగురుపోయేదాకా వాదించే పెద్దలంటే నాకు ఎనలేని గౌరవం. కానీ వాళ్లెవరి కంటా పడని ఉచితం ఒకటి మన హాళ్లలోనే దాక్కుని ఉంది. గోడకు ఆనించిన స్పీకరును ఒక అడుగు ముందుకు లాగితే పాట బాగుపడుతుంది. దీనికి తెల్ల రేషన్ కార్డు అక్కర్లేదు, ఆదాయ ధ్రువపత్రం అక్కర్లేదు, మీసేవ ముందు నిలబడక్కర్లేదు. అర్హుల జాబితాలో పేరు గల్లంతయ్యే భయం కూడా లేదు. ఇంతకు మించిన ఆర్థిక అరాచకం ఉంటుందా?

ఇందులో జరిగేదేమిటో చెబుతాను, శత్రువు బలం తెలిసి ఉండటం మంచిది. గోడ దగ్గర, అందులోనూ గది మూలన పెట్టిన స్పీకరులోంచి వచ్చే బేస్ గోడలకు తగిలి వెనక్కొచ్చి, అసలు శబ్దంతో కలిసి ఉబ్బిపోతుంది. అప్పుడు మృదంగమూ బేస్ గిటారూ విడివిడిగా వినపడవు, రెండూ కలిసి ఒకటే గుంయ్‌మంటాయి. ముందుకు లాగితే ఆ ఉబ్బు తగ్గి ఏది ఏమిటో తెలుస్తుంది. సన్నని శబ్దాలు సూటిగా పోతాయే తప్ప పక్కలకు పెద్దగా పరుచుకోవు కనుక వాటిని పలికే చిన్న స్పీకరు, అదే ట్వీటరు, చెవి ఎత్తులో ఉండాలని కూడా ఈ స్పీకరు జరిపే పండితులు బోధిస్తారు. పైగా రెండు స్పీకర్లూ, వినేవాడి తలా కలిసి సమబాహు త్రిభుజం కావాలట. ఎనిమిదో తరగతితో పీడ వదిలిందనుకున్న త్రిభుజాన్ని మళ్లీ సోఫా దాకా తెస్తున్నారు.

మన ఇళ్ల జామెట్రీ వేరు. ఎడమ స్పీకరు టీవీ పక్కన, కుడి స్పీకరు ఫ్రిజ్ మీద. వైరు అంతవరకే వచ్చింది, అందుకని అక్కడ స్థిరపడింది. ఎడమదాని నెత్తిన కొండపల్లి ఏనుగంబారీ, కుడిదాని నెత్తిన కరెంటు బిల్లులు, బీపీ మాత్రలు, ఏ తాళానిదో ఎవరికీ తెలియని తాళంచెవి. ఇవన్నీ దించి ఎక్కడ పెట్టాలో త్రిభుజంవాళ్లు చెప్పరు.

అంతకన్నా ముఖ్యం పరువు. పది వేలు పోసి కొత్త స్పీకర్లు తెచ్చాడంటే పక్కింటాయన చూడటానికి వస్తాడు, టీ తాగుతాడు, "బేస్ బాగుంది సార్" అని వెళ్తాడు. ఉన్న స్పీకరునే అడుగు ముందుకు లాగాడంటే ఎవడొస్తాడు? "రిటైరయ్యాక పాపం ఆయనకేం తోచట్లేదు" అని లిఫ్టులో చెప్పుకుంటారు. కాబట్టి సద్గృహస్థుడు ఎవడైనా ముందు ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చును ఎలా పెట్టాలో మన రాష్ట్ర ప్రభుత్వాలే దారి చూపించాయి.

పది వేలలో తేల్చేస్తానని ఇంటి సభలో ప్రవేశపెట్టే మొత్తాన్ని బడ్జెట్ అంచనా అంటారు. ఆ పది వేలకు ఒక జత పాసివ్ స్పీకర్లు వస్తాయి. పాసివ్ అంటే వాటంతట అవి మోగవు, యాంప్లిఫైయర్ కావాలి. ఈ సంగతి పార్సిల్ విప్పాక గాని సభ దృష్టికి రాదు. వెంటనే అనుబంధ పద్దు కింద ఒక క్లాస్ డి యాంప్లిఫైయర్ మంజూరవుతుంది. అది అరచేతిలో పడుతుంది, హాలుకు కావలసినదానికన్నా ఎక్కువ శక్తే ఇస్తుంది, పెద్దగా వేడెక్కదు. అరచేతిలో పట్టేదాన్ని, వేడెక్కనిదాన్ని నమ్మడం ఎలా? సవరించిన అంచనాల్లో దాని స్థానే ఇద్దరు పట్టి ఎత్తాల్సినది వస్తుంది. ఆ తర్వాత వైర్లు, వైర్ల కొసలకు బనానా ప్లగ్గులు, స్పీకర్లకు స్టాండ్లు, ఫోనులోంచి వచ్చే పాట శుద్ధిగా లేదని ఒక డాక్, అంటే అంకెల రూపంలోని పాటను స్పీకర్లకు పనికొచ్చే సిగ్నలుగా మార్చే డబ్బా. బ్యాంకు మెసేజీలు బెంగుళూరులో ఉన్న కూతురి నంబరుకు పోతాయన్న సంగతి మాత్రం ఏ ఆర్థికమంత్రికీ ముందుగా గుర్తుండదు. "నాన్నా, నాలుగు బనానాలు నాలుగొందలేంటి? డాక్టరు షుగరుందని చెప్పాడు కదా!" అని ఫోనొస్తుంది. కాగ్ నివేదిక కూడా ఇంత సూటిగా ఉండదు.

వాట్ల విషయంలో మనది ఘనమైన చరిత్ర. తొంభైల్లోనూ ఆ తర్వాతా చిన్న చిన్న స్పీకర్ల అట్టపెట్టెల మీద ఎర్రటి నక్షత్రం గీసి 1000 వాట్స్ పీఎంపీఓ అని వేసేవాళ్లు. ఇస్త్రీపెట్టె కూడా వెయ్యి వాట్లే. ఆ లెక్కన వాటి మీద పాట వింటూ రెండు జతల బట్టలు ఇస్త్రీ చేసుకోగలగాలి. పీఎంపీఓకు అందరూ ఒప్పుకున్న కొలత అంటూ ఏదీ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకోవచ్చు. నిలకడగా ఎంత ఇస్తుందో చెప్పే ఆర్ఎంఎస్ లెక్క చూస్తే అదే డబ్బాలో ఐదో పదో ఉండేవి. అయినా వెయ్యి వాట్లు కొన్నామన్న తృప్తిని ఏ ఆర్ఎంఎస్ ఇవ్వగలదు?

ఇప్పుడు కొందరు చదువుకున్నవాళ్లు బయల్దేరి కొత్త లెక్కలు చెబుతున్నారు. యాభై వాట్లను వంద చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లేనట. చెవికి రెట్టింపు మోతగా అనిపించాలంటే శక్తి దాదాపు పదింతలు కావాలట. మామూలు హాల్లో మామూలుగా పాట వినడానికి ఒకటి రెండు వాట్లు చాలునట. అసలు చూడాల్సింది స్పీకరు సెన్సిటివిటీ అట: ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎంత మోగుతుందన్నది. 85 డెసిబెళ్ల స్పీకరు బదులు 88ది తెచ్చుకుంటే యాంప్లిఫైయర్ శక్తిని రెట్టింపు చేసినట్టేనట, పైసా అదనపు కరెంటు లేకుండా. మన ఇళ్లలో 88 ఎవరికి చూపిస్తారండీ? 88 వచ్చిన పిల్లాణ్ణే బంధువుల ఎదుటకు రానివ్వం. వెయ్యి వాట్ల స్పీకరు ఎదురుగా ఉండగా 88 తెచ్చుకున్నదాన్ని ఇంటికి ఎలా తీసుకొస్తాం?

ఇక అసలైన దేశద్రోహులు కోఠి గుజరాతీ గల్లీ వైపు ఉంటారు. పదేళ్లు పదిహేనేళ్లు గడిచిన ఊఫర్లలో, అంటే బేస్ పలికే పెద్ద స్పీకర్లలో, కాగితపు కోను బాగానే ఉంటుంది, అయస్కాంతం బాగానే ఉంటుంది, చుట్టూ ఉన్న ఫోము రింగు మాత్రం మన ఉక్కపోతకు పొడిపొడిగా రాలిపోతుంది. పాటలో గరగర మొదలవుతుంది. కొత్తవి కొనడానికి ఇంతకన్నా ధర్మమైన కారణం దొరకదు. అలాంటి సువర్ణావకాశాన్ని చేతపట్టుకుని ఒకాయన గల్లీలోకి వెళ్తే, స్టూలు మీద కూర్చున్న మెకానిక్ వేలితో కోను నొక్కి చూసి, "కొత్తది ఎందుకు సార్, ఫోము ఒక్కటే పోయింది. రింగు ఏపిస్తే ఇంకో పదేండ్లు మోగుతది" అన్నాడట. కొన్ని వందల రూపాయలతో ఒక కుటుంబం కల కూలిపోయింది. ఇలాంటి నిజాయితీ మీద నియంత్రణ లేకపోతే మార్కెట్ ఎలా నిలబడుతుంది?

పల్లెల్లో పరిస్థితి మరీ చేయి దాటింది. పాత ఊఫరును మట్టికుండ మూతి మీద బిగించి ట్రాక్టరు షెడ్లో పాటలు మోగించుకునే కుర్రాళ్లున్నారు. స్పీకరు కోను ముందుకు గాలిని నెట్టినప్పుడే వెనక వైపు లాగుతుంది. ఆ రెండూ కలిస్తే బేస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుని పలచబడిపోతుంది, అందుకే ఊఫరుకు పెట్టె కావాలి. కుండ చేసే పనీ అదే, ముందుగాలినీ వెనకగాలినీ కలవనివ్వదు. గుండ్రటి గోడ గట్టిగా ఉంటుంది కనుక చవక చెక్కపెట్టెలా అదిరి తానే పాడదు. కుమ్మరి దగ్గర కొన్న కుండతో ధ్వనిశాస్త్రం పాటించేస్తున్న ఈ కుర్రాళ్లకు ఒక బ్రాండ్ లేదు, వారంటీ కార్డు లేదు, అన్‌బాక్సింగ్ వీడియో లేదు. నాలుగు తలలు తెగిపడేంత కోపం వస్తుంది నాకు.

వైర్ల దగ్గరకొద్దాం. 2007 ప్రాంతంలో అమెరికాలో ఒక కంపెనీ పన్నెండడుగుల స్పీకరు వైర్ల జతను 7,250 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. జేమ్స్ రాండీ అని, మహిమల గుట్టు విప్పడమే పనిగా పెట్టుకున్న ఇంద్రజాలికుడు ఒకాయన ఉండేవాడు. ఆ వైరుకూ మామూలు మంచి వైరుకూ తేడాను చూడకుండా చెవితో పట్టి చూపిస్తే పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. ఆ పది లక్షలు ఎవరూ పట్టుకెళ్లలేదు. దీన్నిబట్టి మన హాలు పొడవుకు కాస్త లావుపాటి రాగి వైరు చాలునని తొందరపడి తేల్చేస్తున్నారు కొందరు. నేను తేల్చేది వేరు: పది లక్షల డాలర్లను కాలదన్నుకున్నారంటే ఆ వైరు కొన్నవాళ్లు ఎంతటి నిస్వార్థపరులో చూడండి.

వైరులో నిజంగా చూసుకోవాల్సింది ఎరుపు, నలుపు. ఒక స్పీకరుకు అవి తారుమారైతే ఒకటి తోస్తున్నప్పుడు రెండోది లాగుతుంది. బేస్ మాయమవుతుంది, మధ్యలో నిలబడాల్సిన గాయకుడు గదంతా తిరుగుతుంటాడు. విప్పి మళ్లీ సరిగ్గా బిగిస్తే రెండు నిమిషాల పని. మళ్లీ ఉచితం! ఈ సందర్భంలో అనుసరించాల్సిన గౌరవప్రదమైన పద్ధతి ఏమిటంటే, బేస్ తగ్గింది కనుక సబ్‌ఊఫర్ కొనడం.

ఘంటసాల గురించి కూడా ఒక అప్రియమైన మాట చెప్పక తప్పదు. ఆయన 1974లో కన్నుమూశారు. ఆయన సినిమా పాటల్లో అత్యధికం మోనో రికార్డింగులు. ఆ పాటల్లో కుడిఎడమల భేదమే లేదు, రెండు స్పీకర్లలోనూ వచ్చేది ఒకటే. అంటే ఘంటసాలను వినడానికే స్పీకర్లు కొంటున్న పెద్దమనిషికి ఒక మంచి స్పీకరు చాలు, బడ్జెట్ సగానికి సగం మిగులుతుంది. ఈ విషయం బయటికి పొక్కకుండా ఇన్నేళ్లు కాపాడిన స్పీకర్ల వ్యాపారులకు నా జోహార్లు. మా కాలనీలో ఒక పెద్దాయన కొత్త సెట్టు పెట్టాక, "వయొలిన్లన్నీ ఎడమ పక్కన కూర్చుని వాయిస్తున్నట్టే ఉంది, కళ్లకు కట్టినట్టు!" అని పరవశించిపోయారు. కుడి స్పీకరు వైరు ఊడి వేలాడుతోందని నేను చెప్పలేదు. ఆ పాట ఫోనులో యూట్యూబ్ నుంచి బ్లూటూత్ మీదుగా వస్తోందనీ చెప్పలేదు. మనిషన్నవాడికి దయ ఉండాలి.

ఆయనకు ఆ సెట్టులో బాగా నచ్చింది 40 కిలోహెర్ట్జ్ దాకా పలికే ట్వీటరు. మనిషి చెవి లేతవయసులోనే 20 దగ్గర ఆగిపోతుంది. అరవై దాటాక 12, 13 వినపడితే అదృష్టం. కుక్కలు మాత్రం 40 దాకా వింటాయి. ఖర్చు పెద్దాయనది, లబ్ధిదారులు వీధికుక్కలు. చూశారా, ఎక్కడ తవ్వినా చివరికి ఉచితమే బయటపడుతోంది.

కింద టైల్స్, చుట్టూ బోడిగోడలు ఉన్న హాల్లో చప్పట్లు కొట్టి చూడండి, గది తిరిగి కొడుతుంది. నేలమీద ఒక బొంత, కిటికీలకు మందపాటి కర్టెన్లు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. కానీ అమ్మమ్మ కుట్టిన బొంతను గోష్ఠిలో ప్రదర్శించలేం. అందుకే అంగుళం మందం నల్ల స్పాంజి పలకలు తెప్పించి గోడకు అంటించుకోవాలి. అవి సన్నని శబ్దాలను మింగి బేస్‌ను అలాగే వదిలేస్తాయి. ఫోటోలో మాత్రం రికార్డింగ్ థియేటర్‌లా పడుతుంది హాలు.

చివరగా, ఒక విదేశీ కుట్ర. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరు శ్రోతలకు స్పీకర్లను తెరచాటున పెట్టి ఒకసారి, తెర తీసి ఒకసారి వినిపించారు. అవే స్పీకర్లు, అవే చెవులు. తెర తీయగానే పెద్దగా, అందంగా ఉన్నవాటికి మార్కులు పెరిగాయి, చిన్నగా, చవగ్గా ఉన్నదానికి తగ్గాయి. దీన్ని కళ్ల తప్పుగా చూపించడం దారుణం. స్పీకర్లను మనం కంటితో కొంటాం, కంటితో పక్కింటివాళ్లకు చూపిస్తాం, కంటితోనే ఈఎంఐ కడతాం. మధ్యలో చెవికి ఎవరిచ్చారు ఓటుహక్కు?

ఇన్ని చెప్పినా స్పీకరు జరుపుకుంటామని మొండికేసేవాళ్లు ఉంటారని తెలుసు. ప్రజాస్వామ్యం కదా. వాళ్ల పరువు కాపాడటానికి ఈ వ్యాసకర్త సొంతంగా ఒక సంప్రదింపుల సేవ ప్రారంభిస్తున్నాడు. స్పీకరును గోడ నుంచి అడుగు ముందుకు జరపడానికి ఐదు వేలు, జీఎస్టీ అదనం. ఫ్రిజ్ మీది నుంచి దించితే మూడు వేలు. తాళంచెవి ఏ తాళానిదో కనుక్కోవడం ఇందులో రాదు. ఎరుపు నలుపు సరిచేయడానికి రెండు వేలు, ఎరుపు ఏదో చూపించే బాధ్యత ఇంటివారిదే. కొండపల్లి ఏనుగుకు విడిగా రవాణా ఖర్చులు. వేదిక మీద శాలువా కప్పినట్టు బొంతను నేలమీద పరిచి ఫోటో కూడా తీయించబడును. శబ్దంలో తేడా తెలియకపోతే పూర్తి డబ్బు వాపసు. ఈ షరతు వల్ల నాకు నష్టం వస్తుందేమోనని మా ఆడిటరు బెంగపడుతున్నాడు. ఐదు వేలు కట్టినవాడికి తేడా తెలియకపోవడం ఇంతవరకు ఏ చెవిలోనూ జరగలేదని నేనే ఆయనకు నచ్చజెబుతున్నాను.