ఫేస్‌బుక్ పేజీకి కోరం ఉందా?

స్వచ్ఛంద సంస్థల్లో మార్పు రావాలంటూ ఏటా ఎక్కడో ఒకచోట శిక్షణ శిబిరం జరుగుతూనే ఉంటుంది. భోజనాలు బాగుంటాయి. సోషల్ మీడియాలోకి వస్తే దాతలతో నేరుగా మాట్లాడొచ్చని, వాళ్లు చెప్పేది వినొచ్చని అక్కడ బోధిస్తారు. ఈ రెండో ముక్క దగ్గరే ప్రమాదం. ఇచ్చేవాడు ఇవ్వాలి, వేదిక మీదున్నవాళ్లు మాట్లాడాలి, అందరూ వినాలి. ఈ పద్ధతి పాడవుతుందని మన జిల్లా కేంద్రాల పెద్దలు ముందే పసిగట్టారు. సోషల్ మీడియాను లోపలికి రానిస్తూనే మార్పును గుమ్మం బయట నిలబెట్టారు. ఇంత నేర్పును మెచ్చుకునేవారే కరువయ్యారు కాబట్టి ఆ పని నేను చేస్తున్నాను.

ముందు తీర్మానం. కోరం చూసుకుని, మినిట్స్ పుస్తకంలో రాసి, సంతకాలు పెట్టాక సోషల్ మీడియా ఉపసంఘం వేస్తారు. దానికి ఇంకా బటన్ల ఫోను వాడే సభ్యుణ్ణి చైర్మన్‌గా పెట్టడం మంచిది, ఆయనకు ఏ యాప్ మీదా పక్షపాతం ఉండదు. పాస్‌వర్డ్ అధ్యక్షులవారి మేనల్లుడి దగ్గర ఉంటుంది. మేనల్లుడు ఎం.ఎస్. చేయడానికి డల్లాస్ వెళితే పాస్‌వర్డ్ కూడా వెళుతుంది. ఆ తర్వాత ఏ ఉగాదికి చూసినా పేజీలో అదే పాత సంక్రాంతి ముగ్గు కనిపిస్తుంది. దాన్ని నిర్లక్ష్యం అనకూడదు, నిలకడ అనాలి.

తొందరపడితే ఏమవుతుందో చూశాం కదా. 2014లో అమెరికాలో ఐస్ బకెట్ చాలెంజ్ అంటూ జనం నెత్తిన చన్నీళ్లు కుమ్మరించుకుని వీడియోలు పెడితే, ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే ఏఎల్‌ఎస్ అసోసియేషన్‌కు ఒక్క వేసవిలో 11.5 కోట్ల డాలర్లు వచ్చిపడ్డాయి. ఆ ఆగస్టులోనే హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి నీళ్లెందుకు పారబోయడం, బకెట్ బియ్యం ఎవరికైనా ఇచ్చి ఫొటో పెట్టండి అన్నారు. రైస్ బకెట్ చాలెంజ్ ఫేస్‌బుక్‌లో చూస్తుండగానే పాకిపోయింది. జ్యోతి ప్రజ్వలన జరగలేదు. వందన సమర్పణ లేదు. ముఖ్య అతిథి ఎవరో ఇప్పటికీ తేలలేదు. ఇలా పంచిన బియ్యం తిన్నవాళ్లకు ఎలా అరిగిందో!

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడూ ఇదే అరాచకం. ఏ వీధిలో పసిపిల్లలకు పాలు లేవో, ఏ మేడ మీద ముసలివాళ్లు చిక్కుకుపోయారో వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకున్నారు. ఒక్క మెసేజీకి కూడా కార్యదర్శి సంతకం లేదు. పద్ధతి గల సంస్థలో అలా కుదరదు. వాలంటీరు అమ్మాయి నాలుగు వాక్యాలు రాస్తే కార్యదర్శి అందులో 'మానవసేవే మాధవసేవ' చేరుస్తారు, కోశాధికారి బ్యాంకు ఖాతా నంబరు సరిచూస్తారు, అధ్యక్షులవారు ఊరినుంచి వచ్చాక తన ఫొటో మార్చమంటారు. వరద విజ్ఞప్తి బయటికొచ్చేసరికి వీధుల్లో బ్లీచింగ్ పౌడర్ చల్లుతుంటారు. ఆలస్యమైతేనేం, ఒక్క అచ్చుతప్పు ఉండదు.

ఆ అమ్మాయికి జీతం ఎందుకివ్వరని అడుగుతారేమో. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించి పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించినప్పటి నుంచి అకౌంటెంటు గారికి జీతం అనే మాట వింటేనే టెన్షన్. సంస్థకు విదేశాల నుంచి ఇంతవరకు రూపాయి రాలేదు. అయినా జాగ్రత్త మంచిదే. ఫ్లెక్సీలకు మాత్రం ఆ భయం లేదు.

ఇక ఫొటోలు. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణలో ఉన్న పిల్లలు ఎవరో గుర్తుపట్టేలా ఫొటో వేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంత చట్టం నెత్తిమీద ఉన్నా ఆశ్రమంలో కేకు కోసే దాత వెనక పిల్లలందరినీ ఎత్తు ప్రకారం నిలబెట్టి, చప్పట్లు కొట్టించి లైవ్ ఇచ్చే గుండె ధైర్యం మన సంస్థలదే. మొహాలు మసక చేద్దాం సార్ అని వాలంటీరు అమ్మాయి అంటే, దాతగారు ఒప్పుకోరమ్మా అన్నారట.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కామెంట్లు వస్తాయి. సర్వసభ్య సమావేశంలో లెక్కలు అడిగేవాళ్లను టిఫిన్లు చల్లారిపోతున్నాయని లేపేయవచ్చు. పేజీలో ఆ సౌకర్యం లేదు. దుప్పట్లు పంచిన ఫొటో కింద ఒక జీవిత సభ్యుడు, పోయినేడాది ఆడిట్ రిపోర్టు ఎక్కడ చూడొచ్చు అని అడిగాడు. కార్యదర్శి దానికి లైక్ కొట్టారు. మళ్లీ అడిగితే రెండు చేతులు జోడించిన ఎమోజీ పెట్టారు. మూడోసారి అడిగాక అత్యవసర సమావేశం జరిగింది. వార్షికోత్సవంలో ఆయన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టారు. ఆ పేజీకి అన్ని లైకులు అంతకుముందెప్పుడూ రాలేదు.