ర్యాంపు కట్టేశాక అభిప్రాయం అడిగితే ఏం లాభం?

ఒక ప్రభుత్వ కార్యాలయం ముందు మూడు మెట్లున్నాయనుకుందాం. ఒక్కోటి ఆరంగుళాలు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు అన్నది అందరూ పాటించాల్సిన లెక్క. అంటే అక్కడ 18 అడుగుల ర్యాంపు కావాలి. కట్టేది మాత్రం ఆరడుగులు! చక్రాల కుర్చీ ఎక్కాలంటే వెనక నుంచి ఇద్దరు తోయాలి, దిగేటప్పుడు దేవుడే దిక్కు. ఫైల్లో మాత్రం ‘ర్యాంపు ఉంది’ అని టిక్కు పడిపోతుంది.

నిధుల్లేక ఇలా జరిగిందంటే నేనొప్పుకోను. సిమెంటు పోశారు, బిల్లూ చెల్లించారు. కుర్చీలో తిరిగే మనిషి ఒక్కరు ముందే డ్రాయింగు చూసి ఉంటే ఆ పని అక్కడే ఆగేది. ఆపే అధికారం వారికి ఉండి ఉంటే, అని కూడా చేర్చాలి. నా గొడవంతా ఆ అధికారం గురించే.

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం, తమకు సంబంధించిన నిర్ణయాల్లో వారిని సంప్రదించి తీరాలంటోంది. వికలాంగుల కోసం పనిచేసే సంస్థలు వేరు, వికలాంగులే నడిపే సంస్థలు వేరు, ముందు వినాల్సింది రెండోవారి మాటే అని ఆ ఒప్పందం కమిటీ 2018లో తేల్చి చెప్పింది. ఆచరణలో జరిగేదేమిటి? టెండరు ఖరారయ్యాక ఒక సమావేశం, హాజరు పట్టీలో సంతకాలు, గ్రూప్ ఫొటో. కొన్నిచోట్ల అధికారులే కళ్లకు గంతలు కట్టుకుని పది నిమిషాలు నడిచి, అంతా అర్థమైపోయిందంటారు.

ఒక్కొక్కరి అవసరం ఒక్కో రకం, అందరినీ కూర్చోబెడితే పని తెమలదు, మరి ఇంజినీర్లున్నది ఎందుకు అని కొందరు అడుగుతారు. అవసరాలు వేరన్నది నిజమే. అందుకే కూర్చోబెట్టాలి.

ఫుట్‌పాత్ అంచునే చూడండి. చక్రాల కుర్చీకి అది గోడతో సమానం. రోడ్డు మట్టానికి వాలుగా దిగాలి. కర్రతో నడిచే అంధులకు మాత్రం ఆ అంచే ఆధారం. కర్ర కిందికి దిగిందంటే రోడ్డు వచ్చినట్టు. అంచు తీసేస్తే తెలియకుండానే బండ్ల మధ్యలోకి వెళ్లిపోతారు. ఇద్దరినీ విడివిడిగా అడిగితే రెండు అర్జీలొస్తాయి, ఒకటి బుట్టదాఖలవుతుంది. ఒకే బల్ల దగ్గర కూర్చుంటే, వాలు ఉంచి దాని మీద కర్రకూ కాలికీ తగిలే బొడిపెల పలకలు పరుద్దామన్న మాట వస్తుంది. బొడిపెలు మరీ ఎక్కువైతే కుర్చీ కుదుపుతుంది కనుక ఎన్ని వరసలు, ఎంత ఎత్తు అన్నదీ అక్కడే తేలుతుంది. ఆ పలకలను జపాన్‌లో సెయీచి మియాకె 1965లో రూపొందించింది చూపు తగ్గిపోతున్న స్నేహితుడి కోసం. రెండేళ్లకు ఒకయామాలో అంధుల పాఠశాల దగ్గర తొలిసారి పరిచారు. ఇప్పుడవే పలకలు కొన్నిచోట్ల తిన్నగా కరెంటు స్తంభం దాకా వెళ్లి ఆగుతున్నాయి. వేసినవాళ్లు డిజైన్ అనుకున్నారు కాబోలు.

ఇక డబ్బు సంగతి. సలహా చెప్పినందుకు కన్సల్టెంటుకు ఫీజు ఇస్తారు. వికలాంగులు మాత్రం చార్జీలు తామే పెట్టుకుని వచ్చి, ఉచితంగా చెప్పి వెళ్లాలి. బధిరులను పిలిచి సంకేత భాష దుబాసీని పెట్టని సమావేశాలూ ఉంటాయి! అనుభవం కూడా నైపుణ్యమే, దానికీ ఫీజు కట్టాలి. అంతకంటే ముఖ్యం, వికలాంగుల ప్రతినిధుల సంతకం లేనిదే చివరి బిల్లు కదలకూడదు. ఈ ఒక్క నిబంధన పెట్టి చూడండి, డ్రాయింగు పట్టుకుని కాంట్రాక్టరే వాళ్లింటికి వెళ్తాడు.

మరీ అంత అధికారమా అనేవారికి అమెరికాలోని డెన్వర్ నగరాన్ని గుర్తుచేయాలి. 1978 జులైలో అక్కడ 19 మంది వికలాంగులు లిఫ్టుల్లేని సిటీ బస్సులను అడ్డగించి రాత్రంతా రోడ్డు మీదే ఉన్నారు. బస్సులు కొనేటప్పుడు వినని మాట చివరికి వినక తప్పలేదు.

నిజానికి ఈ జబ్బు వికలాంగుల దగ్గరే ఆగలేదు. ప్రజాభిప్రాయ సేకరణ అనేదే ఒక తంతుగా మారిపోయింది. పౌరులు లబ్ధిదారులయ్యారు, ఇచ్చింది పుచ్చుకోవడమే వాళ్ల పని. తాగునీటి పైపు ఎటు వెళ్లాలన్నా, బస్టాపు ఎక్కడుండాలన్నా ముందు నిర్ణయం జరిగిపోతుంది, తర్వాత మైకు మన చేతికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో వికలాంగులు 130 కోట్ల మంది, దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరు. ఇంతమందినే అడగకుండా పనులు కానిచ్చేస్తున్న కార్యాలయాలు మిగతా ఐదుగురిని మాత్రం ఎందుకు అడుగుతాయి?