సగానికి పైన ఒక ముద్ద

పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న తోడును కూడా పన్ను రిటర్న్‌లో డిపెండెంట్‌గా, అంటే మన పోషణలో ఉన్న మనిషిగా, చూపుకోవచ్చని అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ సెలవిచ్చింది. దొరగారి ఔదార్యానికి ముందుగా ఓ దండం. షరతులంటారా, ఏమంత లేవు. ఆ మనిషి జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా మీ ఇంట్లోనే ఉండాలి. జనవరి 3న పెట్టె పట్టుకుని దిగితే ఆ ఏటికి లెక్కలోకి రారు. డిసెంబరు 31 సాయంత్రం పెళ్లి చేసుకున్నవాళ్లు మాత్రం ఏడాది పొడుగునా దంపతులే! మూడు ముళ్లు పడగానే వెనకటి 364 రోజులూ పునీతమైపోతాయి కాబోలు.

తోడుగారి ఆదాయం 2025లో 5,200 డాలర్ల లోపే ఉండాలి. పోషణలో సగానికి మించి మీరే భరించాలి. అసలు వినోదం ఇక్కడే. ఇందుకోసం ఐఆర్ఎస్ ఓ లెక్కల కాగితమే తయారు చేసి పెట్టింది. అద్దె, కరెంటు, బట్టలు, మందులు అన్నీ గడుల్లో నింపాలి. తిండి ఖర్చును ఇంట్లో ఉన్న తలలతో భాగించాలి. ఆయన బిర్యానీ మూడుసార్లు వడ్డించుకున్నా, ఆవిడ పెరుగన్నంతో సరిపెట్టుకున్నా కాగితం మీద చెరిసగమే. ఇక మార్చి నెల రాత్రి పూట డైనింగ్ టేబుల్ నిండా బిల్లులు పరుచుకుని:

"ఈ గోంగూర పచ్చడి సీసా ఎవరి కార్డు మీద కొన్నాం?"

"నాదే. కానీ డబ్బు నువ్విచ్చిందే కదా!"

"అయితే నా ఖాతాలో రాయి. మరి ఆ చెవిదుద్దులు?"

"పుట్టినరోజుకి కొనిచ్చి, ఇప్పుడు పోషణ కింద రాస్తావా?"

ఇంత గుమాస్తాగిరీ చేశాక పన్నులో తగ్గేది మహా అయితే 500 డాలర్లు. 2018లోనూ 500, ఇప్పుడూ 500. ధరలు పెరిగాయని ఆదాయ పరిమితిని జరుపుతూ వస్తున్న మహానుభావులకు ఈ అంకె మాత్రం కనపడదు.

ఇంకో చిన్న షరతుంది. మీ బంధం స్థానిక చట్టానికి విరుద్ధంగా ఉండకూడదు. మిషిగన్ రాష్ట్రంలో 1931 నాటి చట్టం ప్రకారం మొన్నమొన్నటి దాకా పెళ్లికాని జంట కాపురం నేరంగా ఉండేది, ఏడాది దాకా జైలు. జైల్లో వేయడం ఎప్పుడో మానేశారు, నిజమే. కానీ ఉద్యోగం పోయి మంచాన పడ్డ మనిషికి అన్నం పెట్టి, మందులిప్పించి, నెలనెలా అద్దె కట్టినవాడు ఆ 500 అడిగితే మాత్రం చట్టం గుర్తుకొచ్చేది! పక్కవాళ్ల పడకగదిలోకి తొంగిచూసి పన్ను లెక్క తేల్చడానికి సిగ్గుండాలి. 2023లో ఎట్టకేలకు దాన్ని కొట్టేశారు. దానికీ వద్దని ఓటేసిన పెద్దలున్నారు. పెళ్లి పరువు పోతుందట. 500 డాలర్లకి!