చెల్లని రూపాయికి గీతలెక్కువ, ధరా ఎక్కువే

చెల్లని డబ్బును చెల్లే డబ్బు పెట్టి కొనడం అనే ఆర్థిక కార్యక్రమం ప్రపంచమంతా ఘనంగా సాగుతున్నా, దానికి రావలసిన గుర్తింపు ఇంకా రాలేదు. షేర్లు కొన్నవాడికి మార్కెట్ టెన్షన్. స్థలం కొన్నవాడికి కబ్జా భయం. పాత నాణెం కొన్నవాడి చింత వేరు: తను కొన్న బిళ్ళ తగినంత అవమానం పొందిందా, లేదా? ఈ రంగాన్ని కొంతకాలంగా గమనించి నేనొక సూత్రం తేల్చాను. బతికున్న రోజుల్లో నాణేనికి పరువు ఎంత పోతే, చచ్చాక దానికి గిరాకీ అంత. ఆర్థికవేత్తలు దీన్ని ఉచితంగా వాడుకోవచ్చు. సూత్రం రుజువు కావాలంటే ఫ్రాన్స్ వైపు చూడాలి.

అయితే ‘ఫ్రాన్స్ నాణేలు’ అని తేలిగ్గా అనేయకూడదు, ఈ శాఖ పెద్దలు నొచ్చుకుంటారు. ‘నేడు ఫ్రాన్స్ అంటున్న నేల మీద అచ్చయిన నాణేలు’ అనాలి. ఎందుకంటే మార్సెయ్‌లో అచ్చు మొదలుపెట్టినవాళ్ళు గ్రీకులు. లియోన్‌లో రోమన్లు. బోర్డోలో కొన్నాళ్ళు ఇంగ్లండు యువరాజు తన పేరుతో బంగారం కొట్టించుకున్నాడు. స్ట్రాస్‌బూర్ 1681 దాకా పవిత్ర రోమన్ సామ్రాజ్యంలోని ఊరు. సేకరణదారు పెట్టెలో ఏ గడి ఎవరికి చెందుతుందో తేల్చడానికి మండల సర్వేయరు కూడా చాలడు.

మొదట ఆ నేల మీది పాత కాపురస్తులు, గాల్ తెగల సంగతి చూద్దాం. అలెగ్జాండర్ తండ్రి, మాసిడోనియా రాజు రెండవ ఫిలిప్ ఒక బంగారు నాణెం వేయించాడు. ఒకవైపు అపోలో తల, రెండోవైపు రెండు గుర్రాల రథం. అది గాల్ తెగలకు తెగ నచ్చింది. కాపీ కొట్టాయి. ఆ కాపీని చూసి పక్క తెగ కాపీ కొట్టింది. దాన్ని చూసి ఇంకో తెగ. ఈ క్రమంలో రథం మాయమైంది, ఒక గుర్రం తప్పిపోయింది, మిగిలిన గుర్రం కీళ్ళూడి చుక్కలు, వంకర గీతలు అయింది. పారిస్‌కు పేరిచ్చిన పారిసీ తెగ చేతికొచ్చేసరికి గుర్రం పైన చేపల వలలాంటిదేదో వచ్చి చేరింది. ఇంటర్ పరీక్షలో ఇలా కాపీ కొడితే డిబార్ చేస్తారు. వేలంలో మాత్రం అసలు ఫిలిప్ నాణెం కంటే పారిసీ వాళ్ళ కాపీకే పాట ఎక్కువ పెరుగుతుంది.

నీమ్ ఊరి రాగి నాణెం మీద మొసలి ఉంటుంది, తాటిచెట్టుకు గొలుసుతో కట్టేసి. నీమ్‌లో మొసళ్ళు లేవు. అది ఈజిప్టును గెలిచామని రోమన్లు చెప్పుకోవడానికి వేసిన బొమ్మ. బొమ్మవైపు రోమన్ చక్రవర్తి అగస్టస్, అతని సేనాని అగ్రిప్పా ఒకరికొకరు వీపు తిప్పి, ఆస్తి పంపకాలప్పుడు అన్నదమ్ముల్లా, చెరో దిక్కుకు చూస్తుంటారు. చిల్లర కరువై జనం ఈ నాణేన్ని నడిమికి నరికి సగానికి సగం ధరకు వాడేసుకున్నారు. చక్రవర్తి ఒకరి జేబులోకి, సేనాని ఇంకొకరి జేబులోకి. ఆ సగం ముక్కలకూ ఇప్పుడు కొనేవాళ్ళున్నారు. తోక వైపు ముక్క మంచిదా, నోటి వైపుదా అన్నదాని మీద పెద్దమనుషులు గొంతు పెంచి మాట్లాడుకుంటారు.

అసలు కథ లియోన్‌లో ఉంది. అక్కడి టంకశాలలో రోమన్ చక్రవర్తి టైబీరియస్ వెండి దీనారాలు కుప్పలుగా అచ్చయ్యాయి. ఒకవైపు ఆయన తల, రెండోవైపు కూర్చున్న స్త్రీ. ఆమె ఆయన తల్లి లివియా అని ఎక్కువమంది నమ్మకం. బైబిల్లో యేసు చేతిలో పెట్టిన పన్ను నాణెం ఇదేనని అమ్మేవాళ్ళు చెబుతారు, చెప్పి ధర పెంచుతారు. ఈ వెండి లియోన్‌లో ఉండలేదు. మిరియాలకీ, ముత్యాలకీ, సన్నబట్టలకీ ఓడలెక్కి ఇటు వచ్చేసింది. ఇండియా ఏటా తమ దగ్గర 5 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) లాగేస్తోందని రచయిత ప్లినీ రోములో కూర్చుని లబోదిబోమన్నాడు. అలా లాగిన సొమ్ములో కొంత మన నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో బయటపడింది. 1,500 పైచిలుకు వెండి నాణేలు, అన్నీ అగస్టస్, టైబీరియస్‌లవే. అంటే ఈ సేకరణ పిచ్చి ఫ్రెంచివాళ్ళకు పట్టకముందే మనవాళ్ళు లియోన్ సరుకును కుండల్లో పెట్టి పాతేశారు. కేటలాగు ఒక్కటే రాయలేదు.

దాచారు సరే, నమ్మారా? అదెక్కడిది! మన దేశంలో దొరికిన రోమన్ నాణేలు చాలావాటి మీద ఉలి గాట్లుంటాయి. తమిళనాడులోని పుదుక్కోట్టై దగ్గర 1898లో దొరికిన 501 బంగారు నాణేల్లో ఎక్కువభాగం చక్రవర్తి చెంప మీదే అడ్డంగా నరికి ఉన్నాయి. లోపల కూడా బంగారమేనా అని చూడ్డానికి నరికారని కొందరు పండితులంటారు, ఇక చెలామణీ కాకుండా నరికారని మరికొందరు. నాకైతే మొదటిదే నిజమనిపిస్తుంది, ఎందుకంటే ఆ వారసత్వం ఇప్పటికీ మన కిరాణా కొట్లలో క్షేమంగా ఉంది. రిజర్వ్ బ్యాంకు ఎన్నిసార్లు ప్రకటన ఇచ్చినా పది రూపాయల బిళ్ళ చేతిలో పెడితే “ఇది మా దగ్గర తీసుకోవట్లేదండీ” అంటారు. టైబీరియస్‌నే నమ్మని జాతి రిజర్వ్ బ్యాంకు గవర్నరు మాటను నమ్ముతుందా? గాటు పడ్డ ఆ నాణేలను ఇప్పుడు ‘భారతదేశంలో చెలామణీ అయిన ప్రత్యేక రకం’ అని వేరే గడిలో భద్రంగా పెట్టుకుంటున్నారు.

పశ్చిమ ఫ్రాన్స్‌లో మెల్ అనే వెండి గనుల ఊరుంది. అక్కడి దెనియే అనే వెండి నాణెం మీద ‘కార్లుస్ రెక్స్’, అంటే ‘చార్లెస్ రాజు’ అని రాసుంటుంది. ఏ చార్లెస్? షార్లమేన్ చక్రవర్తి పేరూ అదే, ఆయన మనవడు బట్టతల చార్లెస్ పేరూ అదే. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు ఎంత ప్రమాదకరమో ఇక్కడ తెలుస్తుంది. పైగా ఇద్దరూ పోయాక కూడా టంకశాలవాళ్ళు అచ్చు మార్చడానికి బద్ధకించి కొన్ని తరాలు అదే పేరుతో లాగించారు. షార్లమేన్‌దైతే ధర ఎక్కువ, మిగతావాళ్ళదైతే తక్కువ. కాబట్టి అదే నాణెం కొనేటప్పుడు మనవడిది, అమ్మేటప్పుడు తాతది.

ఫ్రాన్స్ రాజు నాలుగో ఫిలిప్ నాణేల్లో వెండి తగ్గించి, తర్వాత ఉన్నట్టుండి మళ్ళీ పెంచితే 1306లో అద్దెలు కట్టలేక పారిస్ జనం తిరగబడ్డారు. రాజుగారు టెంపుల్ కోటలో దాక్కున్నారు. ఆ కల్తీ వెండిని ఇప్పుడు భూతద్దంలో చూసి మురిసిపోతున్నారు.

ఇక ఫ్రాంకు పుట్టుక. 1356లో పువాతియే యుద్ధంలో ఫ్రాన్స్ రాజు రెండవ జాన్ ఇంగ్లీషువాళ్ళకు దొరికిపోయాడు. విడుదలకు 30 లక్షల ఎక్యూలు (అప్పటి ఫ్రెంచ్ బంగారు నాణేలు) అడిగారు. అంత సొమ్ము కూడబెట్టాల్సిన చిక్కులోంచి 1360 డిసెంబరులో తొలి ఫ్రాంకు వచ్చింది. దాని మీద రాజుగారు గుర్రమెక్కి, కత్తి దూసి, శత్రువు మీదికి దూకుతూ కనిపిస్తారు. బందీగా నాలుగేళ్ళుండి వచ్చిన మనిషి! ప్రభుత్వ ప్రకటనల మీద నాయకుల ఫోటోలు వేసేవాళ్ళు ఈ నాణేన్ని ఒక్కసారి చూసి తీరాలి. సొమ్ము మొత్తం తీరనే లేదు. జామీనుగా పంపిన కొడుకు పారిపోయి వచ్చేస్తే, జాన్ మాట కోసం తిరిగి లండన్ వెళ్ళి 1364లో అక్కడే పోయాడు. నిజాయితీపరుడే, నాణెం ఒక్కటే అబద్ధం.

నాణేల స్థితికి ఫ్రెంచివాళ్ళు ఇచ్చే మార్కులు ఇంకా ఉదారం. ముక్కు, కన్ను, పేరు అన్నీ అరిగిపోయిన బిళ్ళకు ‘అందమైనది’ అని గ్రేడు. కొంచెం పోలిక తెలిస్తే ‘చాలా అందమైనది’. మామూలుగా కొనదగ్గది ‘చాలా చాలా అందమైనది’. పెళ్ళిళ్ళ బ్రోకర్లు కూడా ఇంత ధైర్యం చేయరు.

నెపోలియన్ చక్రవర్తి అయ్యాక కూడా 1808 దాకా నాణేల మీద బొమ్మవైపు ‘నెపోలియన్ చక్రవర్తి’, బొరుసువైపు ‘ఫ్రెంచ్ రిపబ్లిక్’ అని ఉండేది. టాస్ వేస్తే ఏ రాజ్యాంగం పడుతుందో తెలియదు. తర్వాతి కాలపు ప్రభుత్వం ఇంకో మెట్టెక్కింది. 1951 నుంచి 1960 మధ్య 20 ఫ్రాంకుల కోడిపుంజు బంగారు నాణేలను 1907 నుంచి 1914 దాకా ఉన్న పాత తేదీలతోనే మళ్ళీ అచ్చేసింది. ఇంకెవరైనా చేస్తే కేసు పెడతారు.

సూత్రానికి తిరుగులేని రుజువు మూడవ నెపోలియన్. 1870లో సెడాన్ దగ్గర జర్మన్లకు లొంగిపోగానే జనం ఆయన బొమ్మున్న కంచు నాణేలు తీసి, తల మీద జర్మన్ సైనికుడి మొనదేలిన టోపీ చెక్కారు, నోట్లో చుట్ట పెట్టారు, మెడకు పట్టీ వేశారు. చెక్కకుండా శుభ్రంగా మిగిలిన మామూలు పది సెంటీముల బిళ్ళలు (సెంటీము అంటే ఫ్రాంకులో వందో వంతు) సంతలో గుప్పెడు దొరుకుతాయి. తిట్టు పడ్డదానికే బేరం. ఈ లెక్కన మొన్నటి ఎన్నికల్లో ఓడిన మన నాయకులు దిగులుపడనక్కర్లేదు, ఒక నూటయాభై ఏళ్ళు ఓపిక పడితే చాలు. ముఖం మీద గీసేవాళ్ళకు మన దగ్గర ఎలాగూ కొరత లేదు.