తేల్చారు, తేల్చేశారు

విజ్ఞాన వార్తల్లో నాకు అస్సలు మింగుడుపడని మాట ఒకటుంది: "తేల్చారు". ఫలానా రాగం వింటే జ్ఞాపకశక్తి పెరుగుతుందని తేల్చారు, పాటలు వినిపిస్తే మొక్కలు ఏపుగా ఎదుగుతాయని తేల్చారు. ఎవరు, ఎంతమందిని చూసి, ఎంతసేపటి ఫలితాన్ని బట్టి అన్నది వార్త చివరి దాకా చదివినా దొరకదు. పరిశోధకులు "కనిపించింది", "కావచ్చు", "ఈ పరిమితుల్లో" అని ఆచితూచి రాస్తారు. ఆ జాగ్రత్తలన్నీ దారిలో రాలిపోతాయి.

పాశ్చాత్య స్వరకర్త మొజార్ట్ సంగీతం వింటే తెలివితేటలు పెరుగుతాయన్న ప్రచారమే చూడండి. దాని మూలం 1993లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక్క పేజీ వ్యాసం. 36 మంది కాలేజీ విద్యార్థులకు, ఆయన రెండు పియానోల కోసం రాసిన సొనాటా అనే వాద్య రచనను పది నిమిషాలు వినిపించి, ఆకారాలను మనసులో ఊహించుకుని జవాబు చెప్పే ప్రశ్నలు ఇచ్చారు. మడిచి కత్తిరించిన కాగితాన్ని విప్పితే ఎలా ఉంటుంది, అలాంటివి. ఊరికే మౌనంగా కూర్చున్నప్పటి కంటే మార్కులు పెరిగాయి. పది పదిహేను నిమిషాల్లో ఆ తేడా పోయింది. ఇదంతా వ్యాసంలోనే ఉంది. పసిపిల్లల ఊసు మాత్రం లేదు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా గవర్నర్ జెల్ మిల్లర్, రాష్ట్రంలో పుట్టే ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం పంచడానికి బడ్జెట్‌లో డబ్బు అడిగారు! తర్వాతి ప్రయోగాల్లో, సంగీతం కంటే కథ ఇష్టపడేవాళ్ళు కథ విన్నాకే మెరుగ్గా రాశారు. నచ్చినది విని హుషారెక్కిన మనిషి కాసేపు చురుగ్గా ఉన్నాడు, అంతే.

కృష్ణబిలం (బ్లాక్ హోల్) 'పాట' సంగతి ఇంకా తమాషా. 2022లో నాసా విడుదల చేసిన ఆ ధ్వనిని, అంతరిక్షంలో మైకు పెట్టి పట్టుకొచ్చినట్టే చాలామంది పంచుకున్నారు. "శూన్యంలో శబ్దమేమిటి, అంతా బూటకం" అని ఎగతాళి చేసినవాళ్ళూ తక్కువేమీ కాదు. ఇద్దరూ తప్పే. పెర్సియస్ అనే గెలాక్సీల గుంపు నిండా వేడి వాయువు ఉంది. నడిమి కృష్ణబిలం చేసే అలజడికి అందులో పీడన తరంగాలు పుడుతున్నాయి. 2003లో చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపు తీసిన చిత్రాల్లో ఆ అలలు కనిపించాయి. ఒక్క కంపనానికి పట్టే కాలం దాదాపు కోటి సంవత్సరాలు. పియానో నడిమి స్వరానికి 57 స్థాయిలు (ఆక్టేవులు, స నుంచి పై స దాకా ఒకటి) కింద అన్నమాట. మొత్తం పియానోలో ఉండేదే ఏడు స్థాయిల పైచిలుకు. మనం విన్నది, ఆ చిత్రంలోని సమాచారాన్ని ధ్వనిగా మార్చి 57, 58 స్థాయిలు పైకి ఎత్తిన రూపం. ఒక్కో స్థాయికీ కంపన వేగం రెట్టింపవుతుంది, లెక్క మీరే వేసుకోండి. కోటి సంవత్సరాల కంపనం అన్న అసలు విశేషాన్ని మూలకు నెట్టి "భయంకరమైన అరుపు" అని శీర్షిక పెట్టడానికి మనసెలా ఒప్పిందో!

ఇక 432 హెర్ట్జ్ భక్తులు. వాద్యాలను శ్రుతి చేసుకోవడానికి పెట్టుకున్న ప్రామాణిక స్వరం 440 హెర్ట్జ్ ప్రకృతి విరుద్ధమట, 432 విశ్వం తాలూకు అసలు శ్రుతి అట. 440 అంతర్జాతీయ ఒప్పందమే, నిజం. 1939లో లండన్‌లో కూర్చుని కుదుర్చుకున్నారు. అంతకుముందు, 1859లో ఫ్రాన్స్ 435 అని చట్టం చేసింది. దానికీ ముందు ఊరికో శ్రుతి. అయినా 432 అంటే సెకనుకు 432 కంపనాలు. ఆ సెకను మనుషులు పెట్టుకున్న కొలత. రోజును ఇంకో రకంగా విభజించుకుని ఉంటే ఆ పవిత్ర సంఖ్య కాస్తా మారిపోయేది. విశ్వానికి మన గడియారంతో పనేమిటి? గొంతును బట్టి శ్రుతి పెట్టుకుని ఎవరి షడ్జమం వాళ్ళు పాడుకునే సంగీతం వింటూ పెరిగినవాళ్ళే ఈ సందేశాలను నలుగురికీ పంపడం మరీ విడ్డూరం.