2023లో పాటే లేదా? ఒక ఫార్వర్డ్‌కి జవాబు

ఏడాది చివర వచ్చేసరికి ఒక మెసేజ్ మళ్లీ గ్రూపుల్లోకి దిగుతుంది. సారాంశం ఇది: "కె. విశ్వనాథ్‌తో పాటే 2023లో తెలుగు సినిమా పోయింది. ఆ ఏడాది చూడదగ్గ సినిమా ఒక్కటీ లేదు. సిరివెన్నెల తర్వాత సాహిత్యం లేదు. సంగీతం మొత్తం పక్క రాష్ట్రాల దిగుమతి. పెద్ద సినిమాలన్నీ తన్నేశాయి. విమర్శకుల జాబితాలన్నీ డబ్బులిచ్చి రాయించుకున్నవి." కింద రెండు దండాల బొమ్మలు, అందరికీ పంపమని ఆజ్ఞ.

విశ్వనాథ్ గారు పోయింది 2023 ఫిబ్రవరి 2న. 1980లో శంకరాభరణం విడుదలైంది కూడా ఫిబ్రవరి 2నే. రెండ్రోజులు తిరక్కుండా గాయని వాణీ జయరాం కూడా వెళ్లిపోయారు. ఆ బాధతో ఎవరైనా ఏదో రాసుకుంటే అర్థం చేసుకోవచ్చు, కానీ ఏళ్ల తరబడి దాన్నే నిజమని తిప్పుతుంటే ఎవరో ఒకరు సమాధానం చెప్పాలి కదా.

చూడదగ్గ సినిమా లేదట. ఆయన పోయి నెల తిరిగేసరికి, మార్చి 3న, బలగం వచ్చింది. స్టార్ లేడు, ఫైట్ లేదు, ఇంట్లో ముసలాయన చనిపోతే పదకొండు రోజుల్లో ఏం జరిగిందన్నదే కథ. పిట్టకు పెట్టిన కూడు కాకి ముట్టదు. ఊరంతా చెట్ల వైపు చూస్తూ నిలబడుతుంది, ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు. ఎందుకంటే ఏళ్ల కిందట విందులో నల్లి బొక్క దగ్గర అలిగిన అల్లుడు ఇప్పటికీ బావమరిదితో మాట్లాడడు. నల్లి బొక్క కోసం ఇంత పంతమా అని నవ్వుకుంటూనే, మన ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడ్డం లేదో లెక్కపెట్టుకోవడం మొదలుపెడతాం. అప్పటిదాకా కామెడీ నటుడిగానే తెలిసిన వేణు యెల్దండి తీశాడీ సినిమా. ఊళ్లలో వీధుల్లో తెర కట్టుకుని, జనం నేల మీద కూర్చుని చూశారు. చివర్లో బుడిగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ వచ్చి పోయినాయన గురించి పాడే ఘట్టం ఉంది చూడండి, పెద్ద ఆర్కెస్ట్రా ఏమీ లేకుండా గొంతులే సినిమా మొత్తాన్ని ఎత్తుకుంటాయి. ఆ ఏడాది నాకు అన్నిటికన్నా ఎక్కువ నచ్చిన సంగీతం అదే.

అదే నెల ఉగాదికి కృష్ణవంశీ రంగమార్తాండ వచ్చింది. మరాఠీ నటసామ్రాట్‌కి రీమేకే, కాదనను, కొన్నిచోట్ల నాటకీయత ఎక్కువే. కానీ బ్రహ్మానందాన్ని ఆస్పత్రి మంచం మీద చూశాక, ఇన్నేళ్లూ ఈ మనిషి చేత మనం నవ్వించుకోవడం తప్ప ఏం చేయించుకున్నాం అనిపించింది. డిసెంబర్‌లో శౌర్యువ్ అనే కొత్త దర్శకుడి హాయ్ నాన్న. మధ్యలో సామజవరగమన ఉంది, హాయిగా నవ్వుకోవడానికి. ఒక్కటీ లేదన్న మాటకి ఇవి చాలనుకుంటా.

ఇక సాహిత్యం. పాటల రచయిత సిరివెన్నెల 2021 నవంబర్ 30న పోయారు, ఆ ఖాళీ ఖాళీయే, ఎవరినో తెచ్చి అందులో కూర్చోబెట్టాలని నాకూ లేదు. కానీ "ఆయన తర్వాత లేదు" అనేవాళ్లు అసలు వింటున్నారా అని నా అనుమానం. బలగంలో కాసర్ల శ్యామ్ రాసిన "ఊరు పల్లెటూరు" పాటకి 71వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ గీత రచన పురస్కారం వచ్చింది, 2025 ఆగస్టులో ప్రకటించారు. పోనీ అవార్డు పక్కన పెడదాం. దసరా సినిమాలో ఆయనదే "చమ్కీల అంగీలేసి" తీసుకోండి. పెళ్లికి ముందు మొగుడు ఎట్లా ఉండేవాడు, పెళ్లయ్యాక ఎట్లా తయారయ్యాడు అని భార్య వదినతో చెప్పుకునే గోడు. అది ఇంట్లో ఆడవాళ్లు మాట్లాడుకునే తీరే, అక్కడి యాసలోనే, ఎక్కడా కవిత్వం చెప్తున్నానన్న బింకం లేదు. సిరివెన్నెల దారి అది కాదు, నిజమే. అయితే ఏంటి? వేటూరి దారిలోనే నడవలేదని సిరివెన్నెలని ఎవరూ తప్పుపట్టలేదు కదా. అటువైపు అనంత శ్రీరామ్ హాయ్ నాన్నకి "సమయమా", బేబీకి "ఓ రెండు ప్రేమ మేఘాలిలా" ఒకే ఏడాదిలో రాశాడు. ఈ రెండూ తెలిసి కూడా సాహిత్యం లేదనేవాళ్లకి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

దిగుమతి మాట దగ్గర నాకు నవ్వొచ్చింది. విశ్వనాథ్ పేరుతో మొదలుపెట్టి ఈ మాట ఎలా రాశారండీ? శంకరాభరణం సంగీతం కె.వి. మహదేవన్. నాగర్‌కోయిల్ వైపు మనిషి, తెలుగు ఆయన మాతృభాష కాదు. ఆ సినిమాకి గాయనిగా జాతీయ అవార్డు తెచ్చుకున్న వాణీ జయరాం వేలూరులో పుట్టారు. సాగర సంగమం, స్వర్ణకమలం ఇళయరాజావి. అప్పుడు అది మన సంగీతం అయ్యింది, ఇప్పుడు హేషం అబ్దుల్ వహాబ్ కేరళ నుంచి వచ్చి "గాజు బొమ్మ" తనే కట్టి తనే పాడితే దిగుమతి అయ్యిందా? పైగా "మొత్తం" అన్న మాట కూడా తప్పే. బలగానికి భీమ్స్, బేబీకి విజయ్ బుల్గానిన్, కీడా కోలాకి వివేక్ సాగర్. ముగ్గురూ మనవాళ్లే.

ఒక్క ఫిర్యాదు మాత్రం నాదీ. ఈ మెసేజ్‌లో అది లేదు, ఉండాల్సింది. హాల్లో మాట వినబడటం లేదు. మంచి చరణాన్ని కూడా డప్పుల కింద పాతిపెట్టేస్తున్నారు, ఇంటికొచ్చి లిరికల్ వీడియో పెట్టుకుంటే గానీ కవి ఏం రాశాడో తెలియడం లేదు. దానికి తిట్టాల్సింది మిక్సింగ్ దగ్గర కూర్చునేవాళ్లని, రాసినవాళ్లని కాదు.

పెద్ద సినిమాలు తన్నేశాయన్నది కొంత నిజం. ఏజెంట్, భోళా శంకర్ ఏమయ్యాయో అందరికీ తెలుసు. అవి పోతే ఏడాది మొత్తం పోయినట్టేనా? వసూళ్లే కొలత అనుకుంటే 1988లో వచ్చిన రుద్రవీణని కూడా తీసి అవతల పెట్టాలి, అది ఆడలేదు, జాతీయ అవార్డు మాత్రం వచ్చింది. ఇవాళ సిరివెన్నెల పాటల గురించి మాట్లాడేటప్పుడు ఆ సినిమా పేరెత్తకుండా ఎవరైనా ఉంటారా?

చివరిది, డబ్బులిచ్చి రాయించుకున్న జాబితాలు. రివ్యూల్లో డబ్బులు చేతులు మారవని నేను అమాయకంగా చెప్పను. కానీ ఏడాది అయిపోయాక, థియేటర్లోంచి ఎప్పుడో వెళ్లిపోయిన రంగమార్తాండని పొగడమని ఎవరిస్తారు డబ్బు, ఎందుకిస్తారు? నా జాబితా అయితే ఇది: సినిమాల్లో బలగం, రంగమార్తాండ, హాయ్ నాన్న, దసరా, అదే వరుసలో. పాటల్లో బలగం ముగింపు పాట, "సమయమా", "చమ్కీల అంగీలేసి", సార్ సినిమాలో రామజోగయ్య శాస్త్రి రాసిన "మాస్టారూ మాస్టారూ", బేబీలో రోహిత్ పాడిన "ప్రేమిస్తున్నా". ఆ పాటకి రోహిత్‌కి జాతీయ అవార్డు వచ్చింది, అయినా బేబీ సినిమా నా జాబితాలో లేదు, ఆ అమ్మాయిని చూపించిన తీరు నాకు మింగుడుపడలేదు. మీకు దసరా కన్నా విరూపాక్ష మేలనిపిస్తే చెప్పండి, వాదించుకుందాం.